బూటులో దాచిన డబ్బు, లెక్కల్లో దాచిన పేరు: జార్జ్ ముల్లర్ గారి జీవితం



ఈ వారం వీడియోలో లూకా సువార్త 12వ అధ్యాయం మొదటి మూడు వచనాలు ధ్యానించుకున్నాం. మనిషి ఎంత లోపల పెట్టి తాళం వేసినా అది ఒకనాటికి బయటికి వస్తుందని, తలుపులు మూసుకుని చెవిలో చెప్పుకున్నది కూడా నలుగురికీ వినబడుతుందని ప్రభువు తన శిష్యులకు చెప్పిన సందర్భం అది. పరిసయ్యుల వేషధారణ గురించి హెచ్చరిస్తూ చెప్పాడు కాబట్టి, ఈ వాక్యం వినగానే మనందరికీ ముందు భయమే పుడుతుంది. ఫోన్‌లో ఏముందో, బీరువాలో ఏముందో, మనసులో ఏముందో గుర్తొస్తుంది.

కానీ పౌలు గారు తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం చివరి రెండు వచనాలు కూడా దీని పక్కన పెట్టి చదవండి. అక్కడ పాపాల గురించి ఏం చెప్పాడో మంచి పనుల గురించి కూడా అదే చెప్పాడు. కొందరి పాపాలు ముందే తెలిసిపోతాయి, కొందరివి వెనక నుంచి వస్తాయి. మంచి పనులు కూడా అంతే, ఎప్పటికీ దాగి ఉండవు. ఈ రెండో సగం మనం పెద్దగా ప్రసంగించుకోం.

ఈ రెండు సగాలూ ఒకే మనిషి జీవితంలో చూడాలంటే నాకు జార్జ్ ముల్లర్ గారే గుర్తొస్తారు. ఆయన పేరు తెలియని విశ్వాసి మన తెలుగు సంఘాల్లో ఉండరు. అనాథ పిల్లలు ఖాళీ పళ్ళేల ముందు కూర్చుని ఉంటే రొట్టెలు వచ్చాయని, పాల బండి చక్రం విరిగిందని సండే స్కూల్ నుంచీ వింటూనే ఉన్నాం. ఆ కథ ఇక్కడ మళ్ళీ చెప్పను. ఆయన దాచిన వాటి గురించి చెబుతాను.

ముల్లర్ గారు 1805 సెప్టెంబరు 27న ప్రష్యా రాజ్యంలోని క్రోపెన్‌స్టెట్ అనే ఊళ్ళో పుట్టారు. ఆ ప్రాంతం ఇప్పుడు జర్మనీలో ఉంది. తండ్రి ప్రభుత్వానికి పన్ను వసూలు చేసే ఉద్యోగి. మన బైబిలు భాషలో చెప్పాలంటే సుంకరి. ప్రభుత్వం డబ్బు ఇంట్లోనే ఉండేది. పిల్లలకు డబ్బు విలువ తెలియాలని ఆ తండ్రి కొడుకుల చేతికి వాళ్ళ వయసుకు మించి డబ్బులిచ్చి, లెక్క రాయమనేవాడు. ఫలితం ఏమిటంటే కుర్రాడు తప్పుడు లెక్కలు రాయడం నేర్చుకున్నాడు. పదేళ్ళు నిండకముందే తండ్రి దగ్గరున్న సర్కారు సొమ్ములోంచి కొంచెం కొంచెం తీయడం మొదలుపెట్టాడు. తగ్గిన ప్రతిసారీ తండ్రి తన జేబులోంచి పూడ్చుకోవాల్సి వచ్చేది.

తండ్రికి అనుమానం వచ్చింది. ఒకరోజు కొంత చిల్లర లెక్కపెట్టి, కొడుకు ఉన్న గదిలోనే వదిలి బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చి లెక్క చూస్తే తక్కువుంది. ఒళ్ళంతా వెతికాడు. జేబుల్లో లేదు. చివరికి బూటు విప్పిస్తే పాదం కింద దొరికింది. దెబ్బలు పడ్డాయి. చిన్నప్పుడు మనలో చాలామందికి పడ్డాయి, అది పెద్ద విషయం కాదు. పెద్ద విషయం ఏమిటంటే, ఆ దెబ్బలు తిన్న పిల్లవాడి మనసులో పుట్టినది పశ్చాత్తాపం కాదు. ఈసారి ఇంకా తెలివిగా ఎలా దాచాలి అన్న ఆలోచన. ఈ సంగతి ఆయనే తర్వాత ఒప్పుకున్నారు.

ఒక్క విషయం గమనించండి. బయటపడటం వేరు, మారడం వేరు. దొరికిపోయిన ప్రతివాడూ మారడు. ముల్లర్ గారి మొదటి ఇరవై ఏళ్ళూ దీనికే సాక్ష్యం.

తండ్రి ఆయన్ని పాదిరిని చేద్దామనుకున్నాడు. దేవుని సేవ కోసం అనుకోకండి. పాదిరి ఉద్యోగానికి మంచి జీతం, ఇల్లు ఉంటాయి, ముసలితనంలో తానూ కొడుకు దగ్గర హాయిగా ఉండొచ్చని. అందుకని హాల్‌బర్‌స్టట్ ఊళ్ళో ఉన్న పెద్ద దేవాలయం బడిలో చేర్చాడు. 1820లో తల్లి చనిపోయింది. ఆమె చనిపోతున్న రాత్రి, సంగతి తెలియక, పద్నాలుగేళ్ళ జార్జ్ తెల్లవారుజామున రెండింటి దాకా పేకాట ఆడుతున్నాడు. మర్నాడు ఆదివారం. తాగి, స్నేహితులతో వీధుల్లో తిరుగుతున్నాడు.

అదే ఏడాది ఆయనకు నిర్ధారణ జరిగింది, మన లూథరన్ సంఘాల్లో కన్ఫర్మేషన్ అంటారే అది. దానికి ముందు పాదిరి గారి దగ్గర పాపాలు ఒప్పుకోవాలి, పాదిరి గారికి కొంత రుసుము ఇవ్వాలి. తండ్రి ఆ డబ్బు కొడుకు చేతికిచ్చి పంపాడు. ఈయన అందులో పన్నెండో వంతు మాత్రం పాదిరి గారికిచ్చి, మిగతా పదకొండు వంతులు జేబులో వేసుకున్నాడు. ఒప్పుకోలుకు వెళ్తూ దొంగతనం! ఇంతకంటే వేషధారణ ఏముంటుంది చెప్పండి.

తర్వాత రెండేళ్ళ కథ క్లుప్తంగా చెప్పేస్తాను. 1821 చివర్లో తండ్రి డబ్బు చేతిలో ఉండగా ఊళ్ళు తిరుగుతూ ఖరీదైన హోటళ్ళలో దిగాడు. డబ్బులైపోయాక ఒకచోట బాకీకి బదులు బట్టలు వదిలి వచ్చాడు. వుల్ఫెన్‌బ్యూటెల్ అనే ఊళ్ళో మాత్రం సత్రం వాడు పట్టుకుని పోలీసులకు అప్పగించాడు. డిసెంబరు 18 నుంచి జనవరి 12 దాకా జైలు. వయసు పదహారు. జైల్లో కూడా తోటి ఖైదీకి తను చేయని ఘనకార్యాలు కల్పించి చెప్పుకున్నాడట. తండ్రి డబ్బు పంపి విడిపించి, ఇంటికొచ్చాక గట్టిగా కొట్టాడు.

ఆ తర్వాత చదువు మీద శ్రద్ధ పెట్టాడు. నోర్డ్‌హౌజెన్ ఊళ్ళో ఉన్నత పాఠశాలలో చేరి, అక్కడి ప్రధానోపాధ్యాయుడి ఇంట్లోనే ఉంటూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివేవాడు. ఆ ఉపాధ్యాయుడు తరగతిలో మిగతా పిల్లలకు ఈయన్నే ఆదర్శంగా చూపించేవాడు. బయటికి చూస్తే మారిపోయినట్టే ఉంది. ఆయన సొంత పుస్తకాలు మూడు వందల దాకా ఉండేవి, అందులో బైబిలు లేదు. ఏడాదికి రెండుసార్లు ప్రభు బల్లలో చేయి వేసేవాడు. పైగా అప్పులు. తండ్రి పంపిన డబ్బు అయిపోయింది, అప్పులవాళ్ళకు ఏం చెప్పాలో తెలియలేదు. ఒకరోజు తన డబ్బు స్నేహితులందరికీ కనబడేలా చూపించాడు. తర్వాత తన పెట్టె తాళం తనే విరగ్గొట్టి, గిటారు పెట్టె తాళం కూడా పగలగొట్టి, పైకోటు కూడా లేకుండా పరుగెత్తుకుంటూ వెళ్ళి, నా డబ్బు ఎవరో దోచుకున్నారని ఏడ్చాడు. అందరూ నమ్మారు. జాలిపడి స్నేహితులు చందా వేసుకుని ఆ డబ్బు ఇచ్చారు. అప్పులవాళ్ళు గడువిచ్చారు.

ఈ మోసం ఎవరికీ తెలియలేదు. కానీ ఆ తర్వాత ఆ ఉపాధ్యాయుడి భార్య ముందు మామూలుగా నిలబడలేకపోయానని ఆయన రాశారు. అంతకుముందు తను జబ్బుపడితే తల్లిలా చూసుకున్న ఆమె. ఎవరికీ తెలియని పాపం కూడా మనిషిని ఊరుకోనివ్వదు. లోకానికి బయటపడక ముందే అది లోపల ఒకరికి బయటపడిపోయి ఉంటుంది.

1825లో హాలే విశ్వవిద్యాలయంలో వేదాంత విద్యార్థిగా చేరాడు. బోధించడానికి అనుమతి కూడా వచ్చింది. ఆ ఎండాకాలం బేటా అనే స్నేహితుడు, ఇంకో ఇద్దరితో కలిసి స్విట్జర్లాండు చూడడానికి వెళ్ళాడు. ప్రయాణ పత్రాల కోసం తల్లిదండ్రులు రాసినట్టు దొంగ ఉత్తరాలు సృష్టించారు. పుస్తకాలు తాకట్టు పెట్టారు. 43 రోజుల ప్రయాణం. అందరి డబ్బుసంచీ ముల్లర్ చేతిలోనే ఉంది. ఆయన లెక్కలు ఎలా నడిపాడంటే, తన ఖర్చు స్నేహితుల ఖర్చులో మూడింట రెండు వంతులే అయ్యింది. డబ్బుసంచీ మోసిన యూదాతో తనను పోల్చుకున్నారు ముల్లర్ గారు, చాలా ఏళ్ళ తర్వాత.

ఈ బేటా ఒకప్పుడు భక్తి ఉన్నవాడే, వెనక్కి జారిపోయాడు. ఆ ప్రయాణం నుంచి వచ్చాక అతనికే మనసు గుచ్చుకుంది. జరిగిందంతా తన తండ్రి దగ్గర ఒప్పుకున్నాడు. నవంబరు నెలలో ఒక శనివారం సాయంత్రం, వాగ్నర్ అనే వర్తకుడి ఇంట్లో జరిగే ప్రార్థన కూటానికి వెళ్తున్నానని ముల్లర్‌తో చెప్పాడు. నేనూ వస్తానన్నాడు ముల్లర్. ఇలాంటివాడు కూటంలో ఏం చేస్తాడని బేటా తటపటాయించాడు కూడా.

ఆ రోజుల్లో ప్రష్యాలో అభిషేకం పొందిన పాదిరి లేకుండా ఇళ్ళలో లేఖనాలు వివరించడానికి చట్టం ఒప్పుకునేది కాదు. అందుకని అచ్చయిన ప్రసంగం ఒకటి తీసి చదివారు. పాట పాడారు, వాక్యం చదివారు. ఒక సహోదరుడు మోకాళ్ళూని ప్రార్థన చేశాడు. వేదాంతం చదువుతున్న ముల్లర్, మనిషి మోకాళ్ళ మీద ప్రార్థించడం జీవితంలో మొదటిసారి అక్కడే చూశాడు. పెద్ద సభ కాదు, పెద్ద బోధకుడు లేడు. ఇంటికి వెళ్తూ బేటాతో, మనం స్విట్జర్లాండులో చూసిన అందాలన్నీ దీని ముందు ఏమీ కావన్నాడు. వారం తిరక్కుండానే మళ్ళీ మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాడు.

ఒక్క రాత్రిలో అన్నీ వదిలిపోలేదు. పారిస్ వెళ్ళే ఖర్చుల కోసం అప్పటికే ఒక ఫ్రెంచి నవలను జర్మనులోకి అనువాదం చేస్తున్నాడు. మారుమనస్సు పొందాక కూడా ఆ పని పూర్తి చేశాడు. అమ్ముదామని చూస్తే ఏదో ఒక అడ్డం. చివరికి దాన్ని కాల్చేశాడు. మిషనరీ అవుతానంటే తండ్రికి కోపం వచ్చింది, నువ్వు నా కొడుకువే కాదన్నాడు. తండ్రి కోరినట్టు బతకనప్పుడు తండ్రి డబ్బు తినడం న్యాయం కాదని ఆయన దగ్గర తీసుకోవడం మానేశాడు. హాలేకి వచ్చిన అమెరికా ప్రొఫెసర్లకు జర్మను నేర్పి ఆ జీతంతో చదువుకున్నాడు. తండ్రి పెట్టెలోంచి దొంగిలించిన చేయి, ఇప్పుడు తండ్రి ఇష్టంగా ఇచ్చేది కూడా వద్దంటోంది. నాకు మట్టుకు ఆయన మారుమనస్సుకు గుర్తు అక్కడే కనబడుతుంది.

1829లో ఇంగ్లాండు వచ్చారు. 1830 అక్టోబరు 7న మేరీ గ్రోవ్స్ గారిని పెళ్ళి చేసుకున్నారు. ఇక్కడ మన తెలుగువాళ్ళకు ఒక చుట్టరికం ఉంది. మేరీ గారి అన్న ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్, పళ్ళ వైద్యం వదిలేసి బాగ్దాదుకు, అక్కడి నుంచి 1833లో మన దేశానికి వచ్చిన మిషనరీ. ఆయన పిలుపు మీదే 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు సహోదరులు భార్యలతో కలిసి మన తీరానికి వచ్చి, నర్సాపురం కేంద్రంగా పని మొదలుపెట్టారు. గోదావరి డెల్టా మిషన్ అంటే గోదావరి జిల్లాల్లో తెలియనివారు లేరు. దాని వేళ్ళు ఈ కుటుంబం దాకా వెళ్తాయి.

పెళ్ళయిన నెలలోనే ముల్లర్ గారు సంఘం ఇచ్చే జీతం వద్దన్నారు. ఆ జీతం బెంచీల అద్దె నుంచి వచ్చేది. డబ్బున్నవాడికి ముందు బెంచీ, లేనివాడికి వెనక. యాకోబు పత్రిక చదివినవాడికి అది మింగుడు పడలేదు. గుడిలో ఒక పెట్టె పెట్టి, ఇవ్వాలనుకున్నవాళ్ళు అందులో వేయండి అన్నారు. ఎవరు ఎంత వేశారో ఎవరికీ తెలియదు.

1832లో హెన్రీ క్రేక్ గారితో కలిసి బ్రిస్టల్ వెళ్ళారు. 1834లో లేఖన జ్ఞాన సంస్థను స్థాపించారు. 1835 చివర్లో అనాథ పిల్లల కోసం ఒక ఇల్లు తెరవాలన్న భారం ఆయనకు కలిగింది. అప్పుడు వచ్చిన మొదటి పెద్ద కానుకల్లో ఒకటి వంద పౌండ్లు. ఇచ్చింది ఎవరో చూడండి.

ఆమె కుట్టుపని చేసి బతికే పేద సహోదరి. ఒంట్లో బలం లేదు. వారానికి సగటున మూడున్నర షిల్లింగులు సంపాదించేది. తాగుడుకు బానిసైన తండ్రి అప్పులు మిగిల్చి చనిపోయాడు. పిల్లలంతా కలిసి అప్పులవాళ్ళకు పౌండుకు ఐదు షిల్లింగుల చొప్పున ఇస్తామన్నారు. పౌండంటే ఇరవై షిల్లింగులు, అంటే రూపాయికి పావలా. వాళ్ళు ఒప్పుకున్నారు. చట్టప్రకారం అక్కడితో అయిపోయింది. కానీ ఈమెకు వారసత్వంగా కొన్ని వందల పౌండ్లు వచ్చినప్పుడు, తోబుట్టువులకు కూడా చెప్పకుండా ఒక్కతే వెళ్ళి, అప్పులవాళ్ళందరికీ మిగిలిన పదిహేను షిల్లింగుల చొప్పున కట్టేసింది. తల్లికి వంద పౌండ్లు ఇచ్చింది. ఇంకో వంద ముల్లర్ గారి దగ్గరికి పంపింది.

అంత డబ్బు చూసి ముల్లర్ గారు వెంటనే తీసుకోలేదు. ఆవేశంలో ఇస్తోందేమో, రేపు బాధపడుతుందేమోనని పిలిపించి మాట్లాడారు. ఆమె గట్టిగానే ఉంది. పైగా పేద విశ్వాసుల కోసమని ఇంకో ఐదు పౌండ్లు ఇచ్చింది. తన పేరు మాత్రం బయటికి రాకూడదంది. ఆమె 1844లో ప్రభువు దగ్గరికి వెళ్ళేదాకా ముల్లర్ గారు ఈ వివరాలు బయటపెట్టలేదు. పెట్టినప్పుడు కూడా ఇంటిపేరు, ఊరిపేరు లేవు, రెండు పొడి అక్షరాలు మాత్రమే. ఆ వంద పౌండ్ల కథ ప్రపంచమంతా చదివింది. ఆమె ఎవరో మాత్రం ప్రభువుకే వదిలేశారు.

మన సంఘాల్లో ట్యూబ్‌లైటు ఇచ్చినా దాని మీద దాత పేరు రాయిస్తాం. ఫ్యాన్ రెక్కకు మూడు పేర్లు ఉన్నవి కూడా చూశాను, తిరుగుతుంటే ఎలాగూ కనబడవు. ఎవరినీ కించపరచడానికి అనడం లేదు. ఆ కుట్టుపని సహోదరి గురించి చదివినప్పుడల్లా ఆ రెక్కలు గుర్తొస్తాయి, అంతే.

1836 ఏప్రిల్‌లో విల్సన్ వీధిలో మొదటి ఇల్లు తెరిచారు. మరుసటి ఏడాది, 1837లో, ముల్లర్ గారు ఒక పుస్తకం అచ్చు వేయించారు. ప్రభువు తనతో వ్యవహరించిన తీరు గురించిన పుస్తకం. నేను పైన చెప్పిన దొంగతనాలు, బూటు, పదకొండు వంతులు, జైలు, విరగ్గొట్టిన తాళం, స్విట్జర్లాండు లెక్కలు, ఇవన్నీ మనకు ఎలా తెలిశాయి అనుకుంటున్నారు? ఏ శత్రువో తవ్వి తీయలేదు. ఆ పుస్తకంలో ఆయనే రాశారు.

ఆలోచించండి. అప్పటికి ఆయన పరాయి దేశంలో ఉన్నారు. జర్మను ఊళ్ళలో జరిగినవి ఇంగ్లాండులో ఎవరికీ తెలిసే అవకాశం లేదు. ఆయన చేతిలో అనాథల సొమ్ము ఉంది. ఆ సొమ్ము ఇచ్చేది, ఈ మనిషి నిజాయితీపరుడు అని నమ్మినవాళ్ళు. అలాంటి సమయంలో, నేను తండ్రి పెట్టెలో చేయి పెట్టినవాణ్ణి, స్నేహితుల సంచీలోంచి తిన్నవాణ్ణి అని అచ్చు వేసి చేతిలో పెడితే ఏమవుతుంది? చందాలు ఆగిపోవచ్చు. పిల్లలు వీధిన పడొచ్చు. మనమైతే ఏం చేస్తాం? సేవ పాడవుతుంది, సాక్ష్యం చెడుతుంది, ఇప్పుడెందుకులే అనుకుంటాం. దాచడానికి సేవ అన్నంత మంచి సాకు ఇంకోటి లేదు. ఈమధ్య కాలంలో ఎన్ని సంస్థలు, ఎన్ని సంఘాలు ఆ సాకు కింద ఎన్ని దాచి, చివరికి టీవీల్లో చూసి తలదించుకున్నాయో మీకూ తెలుసు.

ముల్లర్ గారు తన సంగతి తానే ముందు చెప్పేశారు. ఇక ఆయన్ని బెదిరించడానికి ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు. సామెతలు 28:13లో ఉన్న మాట, పాపం దాచుకునేవాడికీ ఒప్పుకుని విడిచిపెట్టేవాడికీ ఉన్న తేడా, ఆయన అచ్చులో జీవించి చూపించారు. చందాలు ఆగలేదు.

అయితే ఆయన అన్నీ బయటపెట్టారనుకోకండి. ఒకటి మాత్రం గట్టిగా దాచేవారు. అవసరం. 1838 నుంచి కొన్నేళ్ళు చాలా కష్టంగా గడిచాయి. పొద్దున్న పాలకు డబ్బుంటే మధ్యాహ్నం రొట్టెకు ఉండేది కాదు. అప్పు చేయకూడదు, ఎవరినీ అడగకూడదు అన్నది ఆయన తీర్మానం. పనివాళ్ళందరినీ పిలిచి పరిస్థితి చెప్పారు. కలిసి ప్రార్థిద్దాం, కానీ ఈ మాట ఈ గడప దాటకూడదన్నారు. వాళ్ళు తమ దగ్గరున్న చిల్లర కూడా తెచ్చి వేశారు.

1841 డిసెంబరులో ఇంకో పరీక్ష వచ్చింది. ఏటా ఆ సమయంలో బహిరంగ సభ పెట్టి, సంవత్సరమంతా ఏం జరిగిందో చెప్పి, లెక్కల నివేదిక అచ్చు వేసేవారు. ఆ రోజున చేతిలో దాదాపు ఏమీ లేదు. సభ పెడితే, ఏడాదిలో పడ్డ ఇబ్బందులన్నీ చెబితే, డబ్బు వచ్చి పడేది. మనలో ఎవరైనా ఆ అవకాశం వదులుకుంటామా? ఆయన సభ వాయిదా వేశారు. ఇప్పుడు చెబితే అది సాక్ష్యం కాదు, అడుక్కోవడం అవుతుందన్నారు. నివేదిక కొన్ని నెలలు ఆలస్యంగా, 1842లో వచ్చింది. ఈ మధ్యలో గడిచిన నెలలు అంతకుముందెన్నడూ చూడనంత కష్టమైనవి. పిల్లలకు మాత్రం ఏ పూటా భోజనం తప్పలేదు.

దాచిన అవసరం, దాచిన ప్రార్థన, జవాబు వచ్చాక మాత్రం తారీకులతో, పెన్నీలతో సహా అచ్చు. ఇదీ ఆయన పద్ధతి. ఇచ్చినవాళ్ళ పేర్లు వేసేవారు కాదు. తర్వాతి కాలంలో ప్రతి కానుకకూ ఒక అంకె వేసి రసీదు ఇచ్చి, నివేదికలో ఆ అంకె ఎదురుగా మొత్తం చూపించేవారు. ఇచ్చినవాడు తన కానుక చేరిందో లేదో చూసుకోవచ్చు, పక్కింటివాడికి మాత్రం తెలియదు. చిన్నప్పుడు తండ్రికి తప్పుడు లెక్కలు రాసిన చేయి ఇది. కాపరులు, సంఘ పెద్దలు ఎవరైనా చదువుతుంటే ఈ రసీదు పద్ధతి గురించి ఒకసారి ఆలోచించండి, ఖర్చు లేని పని.

పని పెరిగింది. విల్సన్ వీధి ఇరుకైపోయి, ఇరుగుపొరుగువారికి ఇబ్బందిగా ఉందని ఒకరు ఉత్తరం రాస్తే, ఆ ఫిర్యాదులో న్యాయం ఉందని ఒప్పుకుని, ఊరి బయట ఆష్లీ డౌన్ అనే గుట్ట మీద స్థలం చూశారు. 1849లో అక్కడ మొదటి భవనం, 1870 నాటికి ఐదు భవనాలు. లక్ష పౌండ్లకు పైగా ఖర్చు. రెండు వేల మందికి పైగా పిల్లలకు చోటు. ఆయన జీవితకాలంలో దాదాపు పది వేల మంది అనాథలు ఆ ఇళ్ళలో పెరిగారు. ఆయన చేతుల మీదుగా వెళ్ళిన డబ్బు మొత్తం దాదాపు పదిహేను లక్షల పౌండ్లు.

1870లో మేరీ గారు ప్రభువునందు నిద్రించారు. తర్వాత సుసన్నా శాంగర్ గారిని వివాహం చేసుకున్నారు. డెబ్బయ్యో ఏట, మనం మనవలతో ఆడుకునే వయసులో, వాక్యం ప్రకటించడానికి దేశాలు తిరగడం మొదలుపెట్టి పదిహేడేళ్ళు తిరిగారు. మన దేశానికి కూడా వచ్చారు. రెండో భార్యను, ఒక్కగానొక్క కూతురు లిడియాను కూడా తన కళ్ళముందే సాగనంపారు.

1898 మార్చి 10 ఉదయం, తొంభై రెండేళ్ళ వయసులో, తన గదిలో ప్రశాంతంగా కన్నుమూశారు. ముందు రోజు సాయంత్రం కూడా ప్రార్థన కూటంలో ఉన్నారు.

చనిపోయాక ఆస్తి లెక్క చూశారు. పదిహేను లక్షల పౌండ్లు ముట్టుకున్న మనిషి దగ్గర పుస్తకాలు, సామాన్లు అన్నీ కలిపి దాదాపు 169 పౌండ్లు. అందులో రొక్కం అరవై పౌండ్ల పైచిలుకు మాత్రమే. మరి ఆయన సొంత ఖర్చులకని ప్రపంచం నలుమూలల నుంచీ ప్రేమించినవాళ్ళు ఇచ్చినది, వీలునామాల్లో ఆయన పేరిట రాసినది, అదంతా ఎక్కడికి వెళ్ళింది?

జవాబు ఆ వార్షిక నివేదికల్లోనే ఉంది, ఏళ్ళ తరబడి అందరి కళ్ళముందూ ఉంది. ఆ లెక్కల్లో ఒక దాత మళ్ళీ మళ్ళీ కనబడేవాడు. పేరుండదు. ప్రభువైన యేసు సేవకుడొకడు, క్రీస్తు ప్రేమ తోయగా పరలోకంలో సొమ్ము దాచుకోవాలని ఇస్తున్నది, అని మాత్రం అర్థం వచ్చేలా ఉండేది. ఎవరో ధనవంతుడైన భక్తుడు అనుకునేవారు చదివినవాళ్ళు. అన్నీ కూడితే 81,490 పౌండ్ల 18 షిల్లింగుల 8 పెన్నీలు. సగటున ఏడాదికి 1200 పౌండ్లకు పైనే.

ఆ దాత ఎవరో ఆయన బతికి ఉండగా ఎవరికీ చెప్పలేదు. ఆ పద్దులో చివరి తారీకు 1898 మార్చి 1. తొమ్మిది రోజుల తర్వాత ముల్లర్ గారు వెళ్ళిపోయారు. ఆ తేదీ తర్వాత ఆ పద్దులో ఆ సేవకుడు మళ్ళీ కనబడలేదు.